నకలు బతికితే నేను బతికినట్టేనా?

2018 మార్చిలో అమెరికాలో నెక్టోమ్ అనే స్టార్టప్ ఒక విచిత్రమైన బేరం ముందుకు తెచ్చింది. పది వేల డాలర్లు కడితే వెయిటింగ్ లిస్టులో పేరు రాసుకుంటారు. మనసు మారితే డబ్బు వాపసు. మన వంతు వచ్చినప్పుడు మత్తిచ్చి, గుండె-ఊపిరితిత్తుల యంత్రం తగిలించి, మెడలోని ధమనుల గుండా మెదడుకు గ్లుటరాల్డిహైడ్ ఎక్కిస్తారు. కణజాలం ఉన్నది ఉన్నట్టుగా బిగుసుకుపోతుంది. తర్వాత దాన్ని అతిశీతలంలో దాచిపెడతారు. ఎప్పుడో ఒకనాడు శాస్త్రం పెరిగి, ఆ మెదడులోని అల్లికనంతా చదివి, కంప్యూటర్లో మనల్ని మళ్లీ నడిపిస్తుందని ఆశ. చిక్కల్లా ఒక్కటే. ఈ పని మనిషి బతికుండగానే చెయ్యాలి, చేస్తే మనిషి దక్కడు. నూటికి నూరు పాళ్లు ప్రాణం పోతుందని కంపెనీయే దాచకుండా చెప్పింది. అయినా పాతిక మంది డబ్బు కట్టారు. వారిలో సామ్ ఆల్ట్‌మన్ ఒకరు. విమర్శలు చెలరేగాక ఎంఐటీ ఆ కంపెనీతో తనకున్న పరిశోధన ఒప్పందాన్ని తెంచుకుంది.

మనసును కంప్యూటర్‌లోకి ఎక్కించడం, అంటే మైండ్ అప్‌లోడింగ్, గురించి యాభై ఏళ్లుగా సాగుతున్న చర్చ సారమంతా ఈ బేరంలోనే ఉంది. చర్చలో మూడు ప్రశ్నలు కలగాపులగం అయిపోతుంటాయి. మెదడును నకలు తీయగలమా? తీసిన నకలుకు స్పృహ ఉంటుందా? ఉన్నా, అది నేనేనా? మొదటిది ప్రయోగశాల తేల్చగల ప్రశ్న. రెండోది తేలుతుందో లేదో చెప్పలేం. మూడోదానికి మాత్రం ఎంత డేటా పోగేసినా జవాబు రాదు. పైగా అప్‌లోడింగ్ వాదానికి ఉన్న ఆకర్షణలో పెద్ద భాగం ఒక మరుగు వల్ల వచ్చింది. అసలు మనిషి కనబడకుండా పోతాడు కాబట్టే నకలు అసలుగా చలామణీ అవుతోంది. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో చూడటానికే ఈ సమీక్ష.

పురుగు దగ్గరే ఆగిన లెక్క

మట్టిలో బతికే సీ ఎలిగాన్స్ అనే ఏలికపాము జాతి పురుగు పొడవు ఒక మిల్లీమీటరు. దానికున్న న్యూరాన్లు 302. వాటి మధ్య లింకులన్నిటినీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఛాయాచిత్రాల నుంచి చేత్తో గుర్తించి, జాన్ వైట్, సిడ్నీ బ్రెన్నర్ బృందం 1986లో అచ్చువేసింది. ఒక జీవి నాడీమండలానికి పూర్తి పటం, అంటే కనెక్టోమ్, దొరకడం అదే మొదటిసారి. నలభై ఏళ్లు గడిచాయి. ఆ పటం పట్టుకుని ఆ పురుగును కంప్యూటర్లో బతికించగలిగామా అంటే, లేదు. ఓపెన్‌వర్మ్ అనే అంతర్జాతీయ ప్రాజెక్టు 2011 నుంచి అదే పనిలో ఉన్నా, పురుగు ప్రవర్తన మొత్తం ఇంకా పట్టుబడలేదు.

ఎందుకు? ఇంటి వైరింగ్ ప్లాను చేతిలో ఉన్నంత మాత్రాన ఆ ఇంట్లోవాళ్లు ఏ గదిలో ఎప్పుడు లైటు వేస్తారో చెప్పలేం. ఏ న్యూరాన్ దేనికి తగిలిందో పటం చెబుతుంది. ఆ లింకు ఎంత బలమైనదో, అవతలి కణాన్ని ఉసిగొల్పుతుందో అణుస్తుందో, అనుభవంతో ఎలా మారుతుందో చెప్పదు. 2023లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు ఈ పురుగు న్యూరాన్లను ఒక్కొక్కటిగా కాంతితో ప్రేరేపించి, సంకేతం ఎటెటు పోతోందో కొలిచారు. పటాన్ని బట్టి వేసిన అంచనాకూ అసలు ప్రసారానికీ పొంతన కుదరలేదు. లింకులతో పని లేకుండా, రసాయనాలు కణాల మధ్య వ్యాపించడం ద్వారా కూడా కబుర్లు నడుస్తున్నాయని తేలింది.

అలాగని పటాలు పనికిమాలినవని కాదు. 2024 అక్టోబరులో ఫ్లైవైర్ బృందం ఎదిగిన ఈగ మెదడు పటం వెలువరించింది. పండ్ల మీద ముసిరే ఆ చిన్న ఈగలో 1,39,255 న్యూరాన్లు, 5 కోట్లకు పైగా సైనాప్సులు, అంటే వాటి మధ్య లింకులు, లెక్కకు వచ్చాయి. కేవలం ఆ పటం ఆధారంగా కట్టిన ఒక కంప్యూటర్ నమూనా, ఈగ నోటికి తీపి తగిలితే ఏ న్యూరాన్లు మేల్కొంటాయో చాలావరకు సరిగ్గానే ఊహించింది. 2025 ఏప్రిల్‌లో ఎలుక దృష్టి కేంద్రం నుంచి తీసిన ఒక ఘన మిల్లీమీటరు ముక్క పటం వచ్చింది. అందులో 52 కోట్ల సైనాప్సులున్నాయి. ముక్క తీయకముందు ఆ ఎలుకకు వీడియోలు చూపించి, వేలాది న్యూరాన్ల స్పందన కూడా రికార్డు చేశారు. అల్లికా నడకా రెండూ ఒకే కణజాలంలో పట్టుకోవడం పెద్ద అడుగే.

ఇక మనిషి. 2024 మే నెలలో హార్వర్డ్, గూగుల్ పరిశోధకులు మూర్ఛవ్యాధి శస్త్రచికిత్సలో ఒక మహిళ మెదడు నుంచి తీసిన ముక్క పటం ప్రకటించారు. సగం బియ్యపు గింజంత ముక్క. దాన్ని వెంట్రుక మందంలో వెయ్యోవంతు కన్నా పలచగా అయిదు వేలకు పైగా పొరలు కోసి, ఒక్కో పొరనూ ఫొటో తీశారు. 57 వేల కణాలు, 15 కోట్ల సైనాప్సులు, 1.4 పెటాబైట్ల డేటా. పరిమాణం ఒక ఘన మిల్లీమీటరు మాత్రమే. మనిషి మెదడు అలాంటివి 12 లక్షలు. ఈ లెక్కన మొత్తానికి దాదాపు 17 లక్షల పెటాబైట్లు కావాలి. అది కూడా కదలని ఫొటోలకే. మనదేశంలో ఐఐటీ మద్రాస్ 2024 డిసెంబరులో గర్భస్థ శిశువు మెదడును 5,132 కోతలుగా చిత్రించిన 'ధరణి' అట్లాస్ విడుదల చేసింది. వైద్యానికి అది గొప్ప సరుకే. కానీ అది చూపేది కణాలను. అప్‌లోడింగ్ వాళ్లు అడిగే సైనాప్సు స్థాయి ఇంకా ఎంతో లోతున ఉంది.

ఈ రంగంలో గడువులు చెప్పి భంగపడ్డవాళ్లకు కొదవ లేదు. స్విట్జర్లాండ్‌లో బ్లూ బ్రెయిన్ ప్రాజెక్టు నడిపిన హెన్రీ మార్‌క్రమ్ 2009లో, పదేళ్లలో మనిషి మెదడు నమూనా కట్టొచ్చన్నారు. 2013లో యూరోపియన్ యూనియన్ హ్యూమన్ బ్రెయిన్ ప్రాజెక్టు మొదలుపెట్టింది. మరుసటేడే వందలాది నాడీశాస్త్రజ్ఞులు దాని దారి తప్పని బహిరంగ లేఖ రాశారు. 2023లో ప్రాజెక్టు ముగిసింది. మంచి పటాలు, పనిముట్లు మిగిలాయి. కంప్యూటర్లో మనిషి మెదడు మాత్రం రాలేదు. 2008లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆండర్స్ శాండ్‌బర్గ్, నిక్ బోస్ట్రమ్ రాసిన రోడ్‌మ్యాప్ ఈ విషయంలో ఎక్కువ నిజాయితీగా కనబడుతుంది. ఏ లోతు వరకు నకలు తీస్తే చాలో తెలియదనీ, ఆ లోతును బట్టి కావాల్సిన కంప్యూటర్ శక్తి కోట్లాది రెట్లు మారిపోతుందనీ వారు ముందే చెప్పారు.

దీపం వెలిగిందో లేదో ఎవరు చెప్పాలి

రేపే ఇదంతా కుదిరిందనుకుందాం. ఆ నకలు మాట్లాడుతుంది, జోకులేస్తుంది, చిన్ననాటి వీధి పేరు చెబుతుంది. లోపల ఎవరైనా ఉన్నారా?

తత్వవేత్త జాన్ సెర్ల్ 1980 నుంచి లేదనే వాదించాడు. తుపానును కంప్యూటర్లో అచ్చంగా నడిపించినా ఎవరూ తడవరు, అలాగే ఆలోచనను అనుకరించినంత మాత్రాన అనుభవం పుట్టదంటాడు. డేవిడ్ చామర్స్ ఎదురు ప్రశ్న వేశాడు. మెదడులో ఒక్కో న్యూరాన్‌ను తీసి, అదే పని చేసే చిప్పు పెడుతూ పోదాం. ప్రవర్తన మారదు. మరి స్పృహ ఎక్కడ ఆరిపోతుంది? సగం ఆరిపోయిన మనిషి, ఎర్రరంగు ఎప్పటిలాగే ధగధగలాడుతోందని అంటుంటే నమ్ముతామా? కాబట్టి పని తీరు నిలిస్తే స్పృహ కూడా నిలుస్తుందనుకోవడమే సబబు అన్నాడు. జూలియో టొనోనీ, క్రిస్టాఫ్ కోక్‌ల సిద్ధాంతం మళ్లీ అడ్డం తిరుగుతుంది. స్పృహ ప్రోగ్రాములో ఉండదు, భౌతికమైన అల్లికలో ఉంటుంది. ఇప్పటి కంప్యూటర్ల నిర్మాణంలో ఎంత గొప్ప ప్రోగ్రాము నడిపినా అది దాదాపు శూన్యమే అంటారు వాళ్లు. ఆ సిద్ధాంతం శాస్త్రమే కాదంటూ 2023లో వంద మందికి పైగా పరిశోధకులు సంతకాలు చేశారు. రంగం ఇలా ఉంది. ఈ పంచాయితీ తెమిలేదాకా ఆగితే మూడో ప్రశ్న ఎన్నటికీ అడగలేం. కాబట్టి నకలుకు స్పృహ ఉందనే ఒప్పుకుని ముందుకు పోదాం.

తలా, జ్ఞాపకమా, ఒళ్లా

మనిషి ఇవాళా నిన్నా ఒకడే అని దేన్ని బట్టి అంటాం? బేతాళ కథల్లో ఈ ప్రశ్న నేరుగా వస్తుంది. గుడిలో తలలు నరుక్కున్న తన భర్తకూ అన్నకూ ఒకామె తలలు తారుమారుగా అతికిస్తుంది. ఇద్దరూ లేచి కూర్చుంటారు. భర్త ఎవరు? అంగాలన్నిటికీ తలే ప్రధానం, భర్త తల ఎవరికుంటే వాడే భర్త అని విక్రమార్కుడి తీర్పు. ఇవాళ్టి చాలామంది తత్వవేత్తలు కూడా సంతకం పెట్టే తీర్పది. కానీ తలలో ఉన్నది ఏమిటి? మాంసమా, సమాచారమా? అప్‌లోడింగ్ వాదం నిలబడాలంటే సమాచారమే కావాలి.

ఆ దారి వేసింది జాన్ లాక్. 1694లో తన గ్రంథం రెండో కూర్పులో చేర్చిన అధ్యాయంలో ఒక రాకుమారుడి స్మృతులు చెప్పులు కుట్టేవాడి ఒంట్లోకి చేరితే, ఆ వ్యక్తి రాకుమారుడే అన్నాడు. గతాన్ని తనదిగా ఎరిగినంత మేరకే మనిషి ఒకడు. జోసెఫ్ బట్లర్ 1736లో దీన్ని అడ్డుకున్నాడు. నిజమైన జ్ఞాపకం అనాలంటే ఆ అనుభవం నాదై ఉండాలి, అంటే ఏది నిరూపించాలో దాన్నే ముందుగా ఒప్పుకున్నట్టయింది కదా అని. థామస్ రీడ్ 1785లో మరో మెలిక పెట్టాడు. ముసలి సేనాపతికి తాను పడుచు అధికారిగా జెండా గెలిచింది గుర్తుంది. ఆ అధికారికి పిల్లవాడిగా తోటలో పళ్లు దొంగిలించి దెబ్బలు తిన్నది గుర్తుంది. సేనాపతికి మాత్రం ఆ దెబ్బలు గుర్తు లేవు. లాక్ లెక్కన సేనాపతి ఆ పిల్లవాడు అవుతాడు, కాడు కూడా.

జ్ఞాపకమే మనిషి అనేవారికి వైద్యచరిత్రలో ఒక పెద్ద అడ్డంకి హెన్రీ మొలైసన్. 1953లో మూర్ఛకు చేసిన శస్త్రచికిత్సలో హిప్పోక్యాంపస్ చాలా భాగం తీసేశాక, 2008లో చనిపోయేదాకా అతడికి కొత్త జ్ఞాపకం నిలవలేదు. అప్పుడే పలకరించి వెళ్లిన డాక్టరు మళ్లీ వస్తే కొత్తమనిషే. అయినా అతడు మరొకరైపోయాడని ఎవరూ అనలేదు, అతణ్ని ప్రేమించినవాళ్లు అసలే అనలేదు. చనిపోయాక అతడి మెదడును 53 గంటల పాటు కోసి 2,401 పలచని పొరలు చేసి, డిజిటల్ రూపంలో భద్రపరిచారు. పరిశోధకులకు అది అమూల్యం. అతడు అందులో ఉన్నాడని మాత్రం ఎవరూ అనుకోరు.

రెండో శిబిరం ఒంటిని పట్టుకుంది. ఎరిక్ ఓల్సన్ 1997లో రాసిన పుస్తకంలో మనిషంటే మొట్టమొదట ఒక ప్రాణి అన్నాడు. కడుపులో పిండంగా ఉన్నదీ, రేపు కోమాలో పడుకోబోయేదీ అదే ప్రాణి. అప్‌లోడులో ప్రాణి ఎక్కడికీ కదలదు, మంచం మీదే చచ్చిపోతుంది. వాదం గట్టిదే గానీ, తలలు మార్చిన కథ దగ్గర దీనికీ ఇబ్బందే.

అప్‌లోడింగ్ పక్షానికి శస్త్రచికిత్స గది నుంచి ఒక బలమైన సాక్ష్యం ఉంది. బృహద్ధమనికి చేసే కొన్ని ఆపరేషన్లలో రోగి ఒంటిని దాదాపు 18 డిగ్రీల దాకా చల్లార్చి రక్తప్రసరణ ఆపేస్తారు. మెదడులో విద్యుత్ సంకేతాలు పూర్తిగా అణగిపోతాయి. వెచ్చబరిచాక మనిషి తన జ్ఞాపకాలతో, తన స్వభావంతో తిరిగి వస్తాడు. అంటే ఎడతెగని స్పృహా ప్రవాహం అక్కర్లేదు, అల్లిక నిలిస్తే మనిషి నిలుస్తాడు. అల్లికే చాలైతే దాన్ని ఏ సరుకుతో కట్టామన్నది ఎందుకు అడ్డు రావాలి? ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే ఆ గదిలో లేచింది పడుకున్న మెదడే. పక్క గదిలో మరో మెదడు లేవలేదు.

ఇద్దరు లేస్తే

అసలు చిక్కు ఇక్కడుంది. కంప్యూటర్ వాడేవాళ్లందరికీ ఒక డిస్కు నుంచి మరో డిస్కుకు ఫైలును 'మూవ్' చేయడం అలవాటే. నిజానికి అక్కడ ఏదీ కదలదు. యంత్రం ముందు నకలు రాస్తుంది, తర్వాత అసలును చెరిపేస్తుంది. రెండో పని చేయకపోతే మిగిలేవి రెండు ఫైళ్లు. అప్‌లోడింగ్ కూడా ఇంతే. పరకాయ ప్రవేశం కథలు విని పెరిగిన మనకు ఇది వెంటనే తట్టదు. శంకరాచార్యులు అమరుక రాజు దేహంలో ప్రవేశించినప్పుడు శిష్యులు గుహలో ఆయన శరీరాన్ని కాపలా కాశారని శంకర విజయం చెబుతుంది. ఒక్క జీవుడు, రెండు దేహాలు. జీవుడు ఎక్కడో ఒక్కచోటే ఉంటాడు. కంప్యూటర్‌కు ఆ నియమం లేదు. ఒకటి తీసినవాడు వెయ్యి తీయగలడు.

ఈ ముడిని రీడ్ 1775లోనే చూశాడంటే ఆశ్చర్యం. లార్డ్ కేమ్స్‌కు రాసిన ఉత్తరంలో, తన మెదడు శిథిలమై, కొన్ని వందల ఏళ్లకు ఆ పదార్థంతోనే మళ్లీ తెలివిగల ప్రాణిని తయారుచేస్తే అది తానేనా అని అడిగాడు. అంతటితో ఆగలేదు. అలాంటివి రెండో మూడో తయారైతే అన్నీ తానేనా, అన్నీ కలిసి ఒక్కరేనా అని కూడా అడిగాడు. 1950ల్లో బెర్నార్డ్ విలియమ్స్ అదే పదును పట్టుకున్నాడు. ఎన్నడో చనిపోయిన ఇంగ్లిష్ కుట్రదారు గై ఫాక్స్ జ్ఞాపకాలన్నీ ఉన్న మనిషి ఇవాళ ఒకడు లేస్తే వాడే గై ఫాక్స్ అనాలనిపిస్తుంది. అదే అర్హతతో ఇద్దరు లేస్తే ఇద్దరూ ఒక్కడు కాలేరు. ఒకడే ఉన్నప్పుడు మాత్రం అవుతాడనడం ఎలా? రాబర్ట్ నోజిక్ 1981లో ఒక సర్దుబాటు చెప్పాడు. అందరిలోకీ దగ్గరి వారసుడెవడో వాడే ఆ మనిషి. అంటే అసలు బతికుంటే నకలు ఎవరో పరాయివాడు, అసలు చచ్చిన మరుక్షణం అదే నకలు ఆ మనిషి! నా మనుగడ నా గుణాల మీద గాక పక్క గదిలో ఎవరున్నారన్నదాని మీద ఆధారపడుతుందన్నమాట. నెక్టోమ్ బేరంలోని మరుగు ఇదే. అక్కడ చావు సాంకేతిక లోపంగా కనిపిస్తుంది. నిజానికి నకలుకు పోటీ లేకుండా చేసేది ఆ చావే.

నకలునే అడిగి తెలుసుకోవచ్చు కదా అనేవారుంటారు. దమయంతి స్వయంవరం గుర్తు తెచ్చుకుందాం. నలుడు, అతడి రూపం దాల్చిన దేవతలు కలిసి అయిదుగురు నిలబడ్డారు. అనుమానం దమయంతికే. రెప్పవాల్చకపోవడం, చెమట పట్టకపోవడం లాంటి గుర్తులతో ఆమె దేవతలను ఏరేసింది. తానెవరో నలుడికి సందేహం లేదు. దేవతలకూ తాము నలుడు కామని తెలుసు. అప్‌లోడులో ఈ రెండో వెసులుబాటు పోతుంది. లేచిన ప్రతి నకలూ, నేనే ఆ మనిషిని, పడుకున్నాను, లేచాను, అంతా బాగానే జరిగిందని మనస్ఫూర్తిగా చెబుతుంది. అసలు మనిషి బతికినా అదే చెబుతుంది, చచ్చినా అదే చెబుతుంది. ఏ పరిస్థితిలోనైనా ఒకే మాట చెప్పే సాక్షి వల్ల కేసు తేలదు. మూడో ప్రశ్నకు ప్రయోగం లేదని మొదట్లో అన్నది ఇందుకే.

ఇక్కడ డెరెక్ పార్ఫిట్ 1984లో ఆటనే మార్చేశాడు. అంగారకుడికి పంపే యంత్రం ఒంటిని స్కాన్ చేసి, ఇక్కడిది చెరిపి, అక్కడ కొత్తది కడుతుంది. ఒకరోజు కొత్త మోడల్ ఇక్కడివాణ్ని చెరపకుండా వదిలేస్తుంది, కాకపోతే గుండె దెబ్బతిని కొద్ది రోజుల్లో చచ్చిపోతాడు. అంగారకుడి మీది నకలు అతణ్ని ఓదారుస్తుంది. ఆ ఓదార్పు చాలదనిపిస్తుంది మనకు. పార్ఫిట్ మాత్రం, అది దాదాపు బతకడమంత మంచిదే అన్నాడు. 'అది నేనేనా' అన్న ప్రశ్నకు ఎప్పుడూ ఖచ్చితమైన జవాబు ఉండి తీరాలన్న పట్టుదలే తప్పు. జ్ఞాపకాలు, ఆశయాలు, స్వభావం తగు రీతిన కొనసాగితే చాలు, మనకు ముఖ్యమైంది అదే. మైఖేల్ సెరుల్లో లాంటివాళ్లు 2015లో ఇంకో అడుగు వేసి, రెండు శాఖలూ నేనే అన్నారు. సూసన్ ష్నైడర్ ఒప్పుకోరు. సాఫ్ట్‌వేర్ అనేది ఒక నమూనా; మనిషి నమూనా కాదు, కాలంలో సాగుతున్న ఒకానొక ఉనికి అంటారు ఆమె.

కొద్దికొద్దిగా మారితే?

ఒక్కసారిగా నకలు తీస్తే భయం, కాబట్టి కొద్దికొద్దిగా మారుద్దామన్నాడు రోబో నిపుణుడు హాన్స్ మొరావెక్, 1988లో. రోబో వైద్యుడు మెదడును పొర తర్వాత పొరగా చదువుతూ, కంప్యూటర్లో దాని పని నడిపిస్తూ, పని అయిపోయిన పొరను తీసేస్తుంటాడు. మనిషి మెలకువగానే ఉంటాడు. చివరికి పుర్రె ఖాళీ, మనసు యంత్రంలో. చామర్స్ కూడా 2010లో ఈ పద్ధతినే అన్నిటికన్నా నమ్మదగినదిగా చూశాడు.

ఈ ఊహ మనకు కొత్త కాదు. నాగార్జునుడి పేర చెలామణీలో ఉన్న మహాప్రజ్ఞాపారమితా వ్యాఖ్యానంలో ఇంతకన్నా భయంకరమైన కథ ఉంది. శ్రీపర్వతంతో, నాగార్జునకొండతో మన సంప్రదాయం ముడిపెట్టే ఆ ఆచార్యుడే దాన్ని రాశాడనడాన్ని నేటి పండితులు చాలామంది ఒప్పుకోరు. మూలం సంస్కృతంలో దక్కలేదు, అయిదో శతాబ్ది మొదట్లో కుమారజీవుడు చేసిన చైనా అనువాదమే మిగిలింది. పాడింట్లో రాత్రి తలదాచుకున్న బాటసారి ముందు రెండు దయ్యాలు ఒక శవం కోసం తగువులాడతాయి. శవం ఎవరిదో నిజం చెప్పిన పాపానికి, ఓడిన దయ్యం అతడి చెయ్యి పీకుతుంది. రెండోది జాలిపడి శవం చెయ్యి తెచ్చి అతికిస్తుంది. కాళ్లు, పక్కలు, తల అన్నీ అలాగే మారతాయి. పీకిన ముక్కలను రెండూ కలిసి తినేసి మూతి తుడుచుకుని పోతాయి. అమ్మానాన్నలిచ్చిన ఒళ్లు పోయింది, ఇప్పుడున్నది శవానిది. నాకు ఒళ్లుందా లేదా అని తెల్లారి అతడు భిక్షువులను అడుగుతాడు. ఆ ఒంట్లో 'నేను' మొదటినుంచీ లేదని వాళ్ల జవాబు.

మొరావెక్ పద్ధతిలో భరోసా ఇచ్చేది నిదానం మాత్రమే. పదేళ్లలో మార్చినది నేనే అయితే పది నిమిషాల్లో మార్చినది ఎందుకు కాదు? పైగా థామస్ హాబ్స్ 1655లో, పలకలు ఒక్కొక్కటిగా మార్చిన నౌక గురించి చెప్పిన మెలిక ఇక్కడా పనిచేస్తుంది. తీసేసిన పాత పలకలన్నీ ఎవరో దాచిపెట్టి మళ్లీ నౌక కడితే ఏది అసలు? తీసిన న్యూరాన్లన్నిటినీ కూర్చి మళ్లీ మెదడు నిలబెడితే ఇద్దరు ఎదురుపడతారు. నిదానం వల్ల తగ్గేది మన భయం, చిక్కుముడి అలాగే ఉంటుంది. ఒక్క తేడా మాత్రం ఒప్పుకోవాలి. నిదానంగా సాగే మార్పులో మనిషి ఏ దశలోనైనా 'ఆపండి' అనగలడు. నెక్టోమ్ బల్ల మీద ఆ అవకాశం లేదు.

మన దర్శనాల సాక్ష్యం

భారతీయ తత్వమంటే ఆత్మ ఒక్కటే అని చెప్పి ముగించడం అన్యాయం. ఇక్కడ వెయ్యేళ్లకు పైగా నికరమైన పోట్లాట నడిచింది. న్యాయదర్శనంవారు, అంటే నైయాయికులు, ప్రత్యభిజ్ఞను (గుర్తుపట్టడాన్ని) పట్టుకున్నారు. కంటితో చూసినదాన్నే చేత్తో తాకుతున్నానని గుర్తించాలంటే రెంటికీ ఒకే కర్త ఉండాలి. ఒకరు చూసింది మరొకరికి జ్ఞాపకం రాదు. తర్వాతి కాలంలో ఉదయనుడు ఆత్మతత్త్వవివేకంలో బౌద్ధుల మీద ఈ ఆయుధాన్నే పదునుపెట్టాడు. నకలును చూస్తే నైయాయికుడు, జ్ఞాపకం ఉన్నట్టు తోచడం వేరు, జ్ఞాపకం వేరు అనేవాడు. బట్లర్ చెప్పిందీ అదే.

బౌద్ధుల వైపు, మిళింద ప్రశ్నలలో నాగసేనుడు తిరిగి పుట్టేవాడు అతడూ కాదు, వేరొకడూ కాదంటాడు. రాత్రంతా వెలిగే దీపం, ఒక దీపం నుంచి ముట్టించిన మరో దీపం ఆయన ఉపమానాలు. ఒక దీపం నుంచి పది వెలిగించినా ఆయనకు చిక్కు లేదు. బాధ్యత ఏమవుతుందని రాజు అడిగితే మామిడిపళ్ల దొంగ కథ చెబుతాడు. నువ్వు నాటిన టెంక వేరు, నేను కోసిన పండు వేరు అని దొంగ వాదిస్తే రాజు వదిలేస్తాడా? పార్ఫిట్ తన అభిప్రాయం బుద్ధుడికి దగ్గరని ఊరికే అనలేదు. అయితే ఒక ముల్లు ఉంది. 'నేను' లేనప్పుడు దాన్ని నిలుపుకోవాలన్న తపనకు కూడా ఆధారం పోతుంది. అప్‌లోడుకు బౌద్ధం అనుమతి ఇస్తుందేమో గానీ అడ్వాన్సు కట్టనివ్వదు.

సాంఖ్యం, అద్వైతం చెప్పేది చాలామందికి తెలియని విషయం. వాటి ప్రకారం మనసు, బుద్ధి, అహంకారం అన్నీ జడాలే, సూక్ష్మమైన ప్రకృతి పరిణామాలే. వాటిని నకలు తీయడం సూత్రప్రాయంగా అసాధ్యమేమీ కాదు. తీసినా చైతన్యమైన పురుషుడో సాక్షియో అందులోకి 'వెళ్లడం' ఉండదు. అద్వైతంలోనైతే ఆ సాక్షి ఒక్కరి సొత్తు కాదు, కాబట్టి నావాడు మిగిలాడని సంబరపడటానికీ ఏమీ లేదు. చార్వాకుడు ఒక్కడే అప్‌లోడింగ్ వాదికి చుట్టం. పులిసిన దినుసుల నుంచి మత్తు పుట్టినట్టు భూతాల కలయిక నుంచి చైతన్యం పుడుతుందన్నాడు. వేరే దినుసులతో అదే మత్తు వస్తుందా అన్న దగ్గర అతడూ ఆగిపోతాడు.

ముందుగా వచ్చిన తగువు

పూర్తి నకలు ఎప్పుడొస్తుందో గానీ, అరకొర నకళ్లు వచ్చేశాయి. 2023లో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును ఏఐతో పుట్టించారంటూ, అనుమతి తీసుకోలేదంటూ 2024 మొదట్లో ఆయన కొడుకు చరణ్ లీగల్ నోటీసు పంపారు. దాదాపు అదే సమయంలో 'లాల్ సలాం' కోసం ఏఆర్ రెహమాన్ కన్నుమూసిన ఇద్దరు గాయకుల గొంతులను కుటుంబాల అనుమతితో, పారితోషికం ఇచ్చి వాడుకున్నానని ప్రకటించారు. రెండు చోట్లా ఎవరూ ఆ గాయకులు తిరిగొచ్చారని అనలేదు. గొంతు ఎవరి సొత్తు, ఎవరిని అడగాలి అన్నదే తగువు. మన 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, చనిపోయాక తమ హక్కులు చూసుకోవడానికి నామినీని పెట్టుకునే వీలు ఇస్తోంది. అంటే చట్టం దృష్టిలో మనిషి వదిలిపోయిన డేటా ఆ మనిషి కాదు, ఎవరో ఒకరు చూసుకోవలసిన వస్తువు. స్పృహ లేని నకళ్లకు ఇది సరిపోతుంది. స్పృహ ఉన్న నకలు వస్తే వస్తువన్న మాట చెల్లదు. అప్పు ఎవరు తీర్చాలి, పెళ్లి చెల్లుతుందా, ఆస్తి ఎవరిది అన్నవి మామిడిపళ్ల రాజులాగా చట్టం ఏదో ఒకటి తేల్చవలసిందే, తేల్చగలదు కూడా.

మిగిలిన మాట

ఇన్ని వాదాలు పక్కపక్కన పెట్టి చూస్తే, 'అది నేనేనా' అనే ప్రశ్న రెండుగా చీలుతుంది. ఒకటి మిగిలినవాళ్ల ప్రశ్న: దాంతో మేం ఎలా మెలగాలి? దీనికి చట్టం, కుటుంబం, అలవాటు కలిసి జవాబు కట్టుకోవచ్చు. పార్ఫిట్, నాగసేనుడు ఇక్కడ గొప్పగా అక్కరకొస్తారు. రెండోది బల్ల మీద పడుకోబోయేవాడి ప్రశ్న: రేపు లేచే అనుభవం నాకు కలుగుతుందా? దీన్ని ఒప్పందంతో తేల్చలేం, నకలు సాక్ష్యంతో తేల్చలేం. తేలని చోట తప్పు ఎటు జరిగితే ఎక్కువ నష్టమో చూసుకోవడమే మిగిలిన విజ్ఞత. అసలును ఉంచి నకలు తీస్తే, మన సిద్ధాంతం తప్పైనా పోయేది పెద్దగా ఏమీ లేదు, లోకంలోకి కొత్తమనిషి ఒకరు వచ్చినట్టవుతుంది. అసలును చెరిపి నకలు తీస్తే, సిద్ధాంతం తప్పైతే ఒక ప్రాణం పోతుంది, పోయిందని చెప్పడానికి కూడా ఎవరూ ఉండరు. కాబట్టి రుజువు భారం చెరిపేవాడి మీదే ఉండాలి.

మంచాన పడి రోజులు లెక్కపెట్టుకునేవారికి ఈ లెక్క వేరుగా ఉండొచ్చు. ఎలాగూ పోయేవాడికి పందెం కాసే హక్కు ఉందనుకునేవారితో నాకు పేచీ లేదు, పందెం అని చెప్పి అమ్మినంత వరకు. మనుగడ అని అమ్మితేనే అభ్యంతరం. కొనేవాళ్లు తమను తాము అడగవలసింది ఒక్కటే: నకలు లేచాక కూడా నేను దాని పక్కన నిలబడి ఉంటే, దాన్ని 'నేనే' అని, నా ప్రాణాన్ని వదులుకోవడానికి సిద్ధపడతానా? సిద్ధపడేవారు పార్ఫిట్ శిష్యులు, వారికి నా వాదం అక్కర్లేదు. సిద్ధపడనివారికి ఒక్క మాట చాలు. అప్పుడు కాని నకలు, వారు చనిపోయినంత మాత్రాన వారైపోదు.